ద్రాక్షసారా: నేలా, పేరూ

మన ఆలంకారికులు కవిత్వంలో ద్రాక్షాపాకాన్ని మెచ్చుకున్నారు. నోట వేసుకోగానే రసం అందుతుందని దాని భావం. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఆ ద్రాక్ష ఏ నేలలో పండింది? ఎవరు పండించారు? ద్రాక్షసారా చరిత్ర చదువుతున్నప్పుడు అదే ప్రశ్న మరింత పదునుగా ఎదురయింది.

ప్రాంతీయ సారాల గొప్పతనమంతా నేలదేనని వర్తకులు ప్రచారం చేస్తారు. ఫ్రాన్సు ఈశాన్యాన ఉన్న షాంపేన్ సీమనే తీసుకుందాం. వారి మాటలో నిజం లేకపోలేదు. ద్రాక్షసాగుకు ఉత్తరపుటంచు అనదగిన చల్లని సీమ అది. అడుగున సుద్దనేల, ఎక్కువైన నీటిని దిగవిడుస్తుంది, కొంత దాచి వేసవిలో వేళ్ళకు అందిస్తుంది. చలివల్ల కాయలో పులుపు నిలుస్తుంది. చలికాలంలో ఆగిపోయిన పులియటం వసంతంలో సీసాలో మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు పుట్టే వాయువే ఆ నురగకు మూలం. ఒకనాడు లోపమనుకున్న దానినే తరవాత పనితనంతో గుణంగా మార్చుకున్నారు.

అయితే షాంపేన్ సరిహద్దు గీసింది సుద్దనేల కాదు, చట్టం. ఫిలాక్సెరా పురుగు తోటలను తినివేస్తున్న రోజులవి. వర్తకసంస్థలు బయటి ప్రాంతాల చౌకసారా తెచ్చి షాంపేన్ పేరుతో అమ్మి, మార్న్ జిల్లా రైతుల పంటకు ధర పడగొట్టాయి. రైతుల ఆందోళన ఫలితంగా ప్రభుత్వం 1908 డిసెంబరులో ఆ పేరుకు హద్దులు నిర్ణయించింది. కాని ఓబ్ జిల్లాను హద్దు బయట ఉంచింది. ఓబ్ ముఖ్యపట్టణమైన త్రువా ఒకప్పుడు షాంపేన్ ప్రభువుల రాజధాని! అక్కడి నేల వేరన్న మాట నిజమే. కాని అంతవరకూ ఆ నేలలో పండిన పంటను వర్తకులు కొంటూనే వచ్చారు గదా!

1910లో వానలు, తెగుళ్ళు పంటను దాదాపు తుడిచిపెట్టాయి. 1911 జనవరిలో మార్న్ రైతులు బయటి సారాను నేలపాలు, నదిపాలు చేశారు. ఏప్రిల్‌లో ఓబ్ రైతులు తమ పేరు తమకిమ్మని త్రువా వీధులు నింపారు. ఏప్రిల్ 11న సెనేటు హద్దులు ఎత్తివేయటం మంచిదని అభిప్రాయపడింది. మర్నాడు ఆయీ పట్టణంలో వర్తకసంస్థల భవనాలు తగలబడ్డాయి. సైన్యం దిగింది. జూన్‌లో ఓబ్‌కు "రెండవ మండలపు షాంపేన్" అన్న పేరు దక్కింది. సమాన హక్కు 1927 చట్టంతోగాని రాలేదు.

1908లోనూ 1927లోనూ ఓబ్ నేల ఒకటే. మారింది చట్టం, దానిని మార్చింది రైతుల ఆందోళన. చౌకసారాతో లాభపడింది వర్తకుడు కాగా, హద్దుకు అటూ ఇటూ నిలిచి తలపడింది ఇద్దరు రైతులు. ఈ చరిత్రలో నన్ను కలవరపెట్టే విషయం ఇదే.

ఇది మనకు దూరపు కథ కాదు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ పేరు తెచ్చే అదనపు ధరలో తోటరైతుకు ఎంత, కాయకోసే కూలికి ఎంత, దళారికి ఎంత అన్నది నేల తేల్చదు. ఆ లెక్క మనమే అడగాలి. పాకాన్ని మెచ్చుకున్న నోటితోనే పండించినవాడి సంగతీ అడగటం నేర్చుకోవాలి.