మన సంచికలో మన ఊరు ఏది?

ప్రతి ఏడాది గ్యాదరింగ్ దగ్గర పడగానే సార్లు బడి సంచిక కోసం వ్యాసాలు అడుగుతారు. మేమూ రాసిస్తాం. ఈసారి చరిత్ర మీద రాయమన్నారు కాబట్టి ముందుగా పాత సంచికలన్నీ తిరగేసి చూశాను. శివాజీ మహారాజ్, ఝాన్సీ లక్ష్మీబాయి, తాజ్‌మహల్, చార్మినార్ మళ్ళీ మళ్ళీ ఉన్నాయి. అవి రాయొద్దని నేను అనను. కానీ అట్ట మీద బడి పేరు చేతితో మూసి చదివితే ఆ సంచిక హిమాయత్‌నగర్‌దో నిజామాబాద్‌దో చెప్పలేం. మన ఊరి పేరు చెప్తే హైదరాబాద్ చుట్టాలు ఎట్లాగూ నారాయణగూడ పక్కన ఉన్న హిమాయత్‌నగర్ అనుకుంటారు. మన సంచిక కూడా మనల్ని గుర్తు పట్టకపోతే ఎట్లా?

సంచిక అనే మాట వినగానే నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొస్తారు. 1926లో ఆయన హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అప్పుడు నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ, కోర్టు భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువులు కూడా ఉర్దూలోనే. మన నాందేడ్ జిల్లా కూడా ఆ రాజ్యంలోనే ఉండేది. తెలంగాణలో చెప్పుకోదగ్గ తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే ప్రతాపరెడ్డి గారికి కోపం వచ్చింది. కోపంతో తిట్టుకుంటూ వ్యాసాలు రాసి ఊరుకోవచ్చు. ఆయన అట్లా చేయలేదు. ఊరూరి నుంచి కవుల పద్యాలు, వాళ్ళ వివరాలు తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఆ లెక్క చూశాక ఇంక ఎవరు మాట్లాడతారు?

తర్వాత 1949లో ఆయనే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. దానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రాజులు, యుద్ధాల సంగతి తగ్గించి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అనేది పాత కావ్యాల్లో వెతికి రాసిన పుస్తకం అది. చరిత్ర పాఠం అంటే నిద్ర వచ్చే నా దోస్తులకు అట్లాంటి చరిత్ర అయితే నచ్చుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ‘1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగింది, మన ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో కలిసింది’ అని అందరం రాస్తాం. పరీక్షలో రెండు మార్కులు వస్తాయి, అంతే. అదే సంగతి ఊళ్ళ పేర్లతో చెప్పి చూడండి. 1956 అక్టోబర్ 31 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రైలు దారిలో మనకు దగ్గరే ఉన్న ఇస్లాపూర్ ఆ జిల్లాలోనే బోథ్ తాలూకాలో ఒక సర్కిల్. భైంసా, ముధోల్, కుబీర్ ఏమో మన నాందేడ్ జిల్లావి. తెల్లారి నవంబర్ 1న ఇవి అటు, అవి ఇటు అయ్యాయి. భైంసా వైపు ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, ఇస్లాపూర్, కిన్వట్ బొంబాయి రాష్ట్రానికి వచ్చాయి. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది.

మా నాయినమ్మ భైంసా పక్క పల్లెలో పుట్టింది. పుట్టినప్పుడు ఆ ఊరు నాందేడ్ జిల్లా. పెరిగింది అదే ఇంట్లో, కానీ ఆదిలాబాద్ జిల్లా. పెళ్ళయి హిమాయత్‌నగర్ వచ్చేసరికి మళ్ళీ నాందేడ్ జిల్లా, కాకపోతే రాష్ట్రం వేరే. 2016 నుంచి ఆమె పుట్టిల్లు నిర్మల్ జిల్లా. “నేనేం తిరిగిన బిడ్డా, జిల్లాలే తిరిగినయి” అని నవ్వుతుంది. అన్నదమ్ములు అక్కడ తెలుగులో చదివారు, మా నాయిన ఇక్కడ మరాఠీలో చదివాడు. మామలకు నాయిన రాసిన ఉత్తరాలు వేరేవాళ్ళతో చదివించుకునేవాళ్ళట. మన బడి ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఆ ఉత్తరాల ముచ్చట విన్నాకే అర్థమైంది. భాషలో తక్కువ సంఖ్య ఉన్న వాళ్ళ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది కూడా ఆ 1956లోనే, ఏడో సవరణతో.

నాయినమ్మ ముచ్చట చరిత్రా, ఇంటి కథా అని మా తరగతిలో ఒకరు అడిగారు. అదే ప్రశ్న భండారు అచ్చమాంబ గారిని అడిగితే బాగుండేది. ఆమె బడికి పోయి చదువుకోలేదు. మరాఠీ, హిందీ మాట్లాడే ప్రాంతాల్లో ఉంటూ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారితో పాటు ఇంట్లోనే నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని ఆడవాళ్ళ జీవితాలనే చరిత్రగా రాసింది. మన పాత సంచికల్లో ఝాన్సీ రాణి తప్ప ఇంకో ఆడమనిషి కనిపించదు.

అయితే విన్నదంతా విన్నట్టు రాస్తే కుదరదు. పెద్దవాళ్ళకు సన్ తారీఖులు గుర్తుండవు. “ఏ సంవత్సరం?” అని అడిగితే “ఏమో బిడ్డా” అంటారు. “పోలీస్ యాక్షన్‌కు ముందా తర్వాతనా?” అంటే టక్కున చెప్తారు. అది 1948 సెప్టెంబర్. “బహత్తర్ కరువు”ను అడిగితే ఇంకా చాలా వస్తాయి: 1972లో రోడ్డు పని మీద రాళ్ళు కొట్టింది, పిల్లలకు సుకడి పంచింది, ఎర్ర మిలో జొన్నల రొట్టె గొంతు దిగంది. కిల్లారి భూకంపం 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున. ఈ మూడు గుంజల మధ్య తాడు కడితే ఎవరి వయసైనా, ఏ సంగతైనా సుమారుగా దొరుకుతుంది. తర్వాత బడి ప్రవేశ్ నిర్గమ్ రిజిస్టర్‌తోనో, ఇంట్లో ఉన్న పాత కాగితాలతోనో సరి చూసుకోవాలి. ఆ కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ బడిలో చదివే దోస్తులను అడిగితే చదివి పెడతారు.

రాయడానికి ఏముంది అనేవాళ్ళకు నా దగ్గర కొన్ని ఉన్నాయి. పెద్దలు మన ఊరిని ఇప్పటికీ వాఢోణా అంటారు, ఆ మాట మీద ఒక వ్యాసం. మహాశివరాత్రికి పరమేశ్వర్ జాతరలో వెనకటి దుకాణాలు, ఆటల మీద ఒకటి. మీటర్ గేజ్ రైలులో ఆదిలాబాద్ పోయినవాళ్ళ మీద ఇంకొకటి. నేను మాత్రం బహత్తర్ కరువు తీసుకుంటున్నాను. అప్పుడు రాళ్ళు కొట్టినవాళ్ళు మా వాడలో ఇద్దరు ఉన్నారు, ఒకామెకు చెవులు సరిగా వినపడవు. దీపావళి సెలవుల్లో ముందు ఆమె దగ్గరికే పోతాను.