యానాం దారి: ప్రభుత్వ బస్సుకు హద్దు గీసేదెవరు?

ఆర్టీసీ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది 1932 జూన్‌తోనే మొదలుపెడతారు. నిజాం రాష్ట్ర రైల్వే, 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ వెంటనే, నంబరు ప్లేటు మీది ‘జెడ్’ నిజాం తల్లి జోహ్రా బేగం పేరుకు గుర్తన్న కథ. అక్కణ్ణుంచి 1958 జనవరి 11న కార్పొరేషన్ ఏర్పాటు, 1999లో గిన్నిస్ పుటలకెక్కడం. దీన్ని కేంద్ర కార్యాలయ చరిత్ర అనవచ్చు. బస్సుల లెక్క, బోర్డుల పేర్లు, ముఖ్యమంత్రుల ప్రారంభోత్సవాలు ఇందులో పుష్కలం. రూటు మాత్రం కనిపించదు.

ఈ పద్ధతిపై నా అనుమానం కురుచికుప్పంలో బలపడింది. పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొసన సముద్రాన్ని ఆనుకొని ఉన్న బెస్తవాడ అది. అక్కడ ఉంటున్న యానాం వాళ్ళను ఊరికి ఎలా వెళతారని అడిగాను. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో చెన్నై దాకా బస్సు, కాకినాడ దాకా రైలు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆఖరి ముప్పై కిలోమీటర్లకు వచ్చేసరికి మాత్రం ఆగలేదు: ఏ బస్సు ఎక్కడ నిండుతుందో, ఏ వేళకు సీటు దొరుకుతుందో, ఏ స్టేజీలో కావిళ్ళూ బుట్టలూ ఎక్కుతాయో ఒకరిని మించి ఒకరు చెప్పారు. “కాకినాడలో దిగాక ఇంకేం కంగారు లేదండి, అమలాపురం బస్సు ఏదొస్తే అది ఎక్కేయడమే” అన్నాడొకాయన. యానాం పుదుచ్చేరిలో భాగం; ఆ అమలాపురం బస్సు పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌ది. ఆ మాట చెప్పేటప్పుడు పొరుగు అన్న ఊహే ఆయనకు లేదు.

ఆ రూటును దగ్గరగా చూద్దాం. కాకినాడలో బయల్దేరిన బస్సు కోరంగి, తాళ్ళరేవు, ఇంజరం దాటి యానాంలోకి వస్తుంది. గౌతమి మీది బాలయోగి వారధి ఎక్కి ఎదుర్లంకలో దిగుతుంది. మురమళ్ళ, ముమ్మిడివరం మీదుగా అమలాపురం చేరుతుంది. 2022 జిల్లాల విభజన తర్వాత ఈ బస్సు కాకినాడ జిల్లా, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, కోనసీమ జిల్లా అనే మూడు పాలనల్లోంచి పోతోంది. కండక్టరు టిక్కెట్టు కొట్టేది మాత్రం స్టేజీని బట్టే. 2002లో వారధి తెరుచుకొనే దాకా గోదావరి దాటాలంటే రేవులో దిగి పడవో పంటో ఎక్కాల్సిందే. అంటే యానాం దాకా ఒక ప్రయాణం, అవతలి ఒడ్డు నుంచి మరో ప్రయాణం. ఫ్రెంచివాళ్ళు 1954లో వదిలి వెళ్ళినా, 1962లో విలీనం చట్టబద్ధమైనా యానాం రేవు రేవుగానే మిగిలింది. దాన్ని నడిమి స్టేజీగా మార్చింది వారధీ, దాని మీదుగా నడిచిన బస్సూ. దౌత్య ఒప్పందాలు తేల్చని పనిని రెండు డిపోల టైంటేబుల్ తేల్చింది.

రూటే అసలు యూనిట్ అనడానికి కోస్తా, రాయలసీమల కోర్టు తగాదాలు మరో ఆధారం. కృష్ణా జిల్లా ప్రైవేటు ఆపరేటర్లు వేసిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో, అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి, ఇది విచారణే కాదంటూ రూట్ల జాతీయీకరణకు ఇచ్చిన ఆమోదాన్ని 1958లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కర్నూలు రూట్ల జాతీయీకరణ కేసులో 1964లో కోర్టు చేసిన వ్యాఖ్యలతో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికే రాజీనామా చేశారు. ఎర్రబస్సు ఊళ్ళోకి వచ్చింది ఒక్కో రూటూ గెలుచుకుంటూనే. ఆ 27 బస్సుల కథలో ఈ పోరాటానికి చోటేదీ?

యానాం రూటులో ఇప్పుడు గీత ఉంది కదా అనవచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో మహిళలకు ఉచిత ప్రయాణం ఆంధ్రప్రదేశ్ నివాసులకే గనుక, ఒకే బస్సులో తాళ్ళరేవు మహిళకు సున్నా టిక్కెట్టూ పుదుచ్చేరి చిరునామా ఉన్న యానాం మహిళకు ఛార్జీ టిక్కెట్టూ వస్తాయన్నది నిజమే గానీ, అది రాయితీకి గీసిన గీత, రూటుకు గీసింది కాదు.

కాబట్టి ప్రభుత్వ బస్సు హద్దు రాష్ట్ర హద్దు కాదు. జనం సంతకు, ఆసుపత్రికి, చదువుకు, పెళ్ళికి పోయే దారులే దాని హద్దు; ఆ దారులు తెలుగు మాట నడిచే మేర పోతాయి. 2014లో రాష్ట్రం రెండైంది, ఆ తర్వాత కార్పొరేషన్ కూడా రెండైంది. అయినా విజయవాడ బస్సు హైదరాబాద్ మానలేదు. ఇక యానాం విషయానికొస్తే, అక్కడ పుదుచ్చేరి అంటే ఒక పరిపాలనా కార్యాలయం. ఊరు గోదావరి జిల్లాలదే. ఆర్టీసీ చరిత్ర మళ్ళీ రాయాల్సి వస్తే బస్‌భవన్‌లోని కేంద్ర కార్యాలయ దస్త్రాలు పక్కన పెట్టి, కాకినాడ, అమలాపురం డిపోల వేబిల్లులతో మొదలుపెట్టాలి.