మీరజాలగలడా: ఒక క్రొత్త పాట, ఒక సీమ అభిమానము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము ఒక పాట. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల పెద్దలలో దానిని విననివారు అరుదు. పల్లవిలోని మొదటి మాట చెప్పినచో చాలును: ‘మీరజాలగలడా’. అది సినిమా పాట యని మీ మనుమలు చెప్పుదురు. ఆ మాట సగము మాత్రమే నిజము. చలనచిత్రమున కెక్కుటకు చాల ఏండ్లకు ముందే అది నాటకరంగముమీద పుట్టినది. పుట్టించినవారు కవిగా పేరు పొందినవారు కారు, నటులు. వారే 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు.

ఈ పాట మన పెద్దలకు అంతటి ఉత్సాహమును ఏల కలిగించెనో తెలియవలెనన్నచో ఆనాటి స్థితిని కొంత తెలిసికొనవలెను. 1880 ప్రాంతమున వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచేత నాటకము లాడించిరి. గుంటూరున కొండుభొట్ల సుబ్రహ్మణ్యశాస్త్రిగారును నాటకములు వ్రాసి ప్రదర్శింపించిరి. తరువాతి కాలమున తెనాలి పట్టణము నటులకు పుట్టినిల్లువంటి దయ్యెను. అచటి రామవిలాస సభ స్థానమువారికి కీర్తి తెచ్చిన సమాజము. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో స్థాపింపబడినదియు తెనాలిలోనే.

ఈ నేల నల్లరేగడి. ప్రత్తి తీసి, మిరపకాయ కోసి కల్లములలో ఎండబోసి, సరకు అమ్ముడుపోయిన పిమ్మటగాని రైతు చేతిలో నాలుగు రూపాయ లాడవు. ఎండకాలపు రాత్రులలో అతనికి తీరికయు, రూపాయయు ఒక్కసారి చేకూరును. బండ్లు కట్టుకొని నాటకమునకు పోవుట అప్పుడే. దీపములు వెలిగినది మొదలు తెల్లవారువరకు నాటకము సాగెడిది. మరునాడు పొలము పనికి ఎవ్వరును రాలేదని ఇంటి పెద్దలు కోపించుటయు కలదు. ‘నాటకాల పిచ్చి’ అను తిట్టు ఆ విధముగా పుట్టినదే కదా!

నాటకమునకు పోవువానికి పద్యములు క్రొత్తవి కావు. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకముల పద్యములు చదువు రానివారికిని కంఠస్థములు. కనుక ప్రేక్షకుడు ‘ఏమి చెప్పును?’ అని గాక, ‘ఎట్లు పాడును?’ అని ఎదురు చూచెడివాడు. క్రొత్త పాట సంగతి వేరు. దాని మాటలును తెలియవు, వరుసయు తెలియదు. ఒక్క రాత్రి వినినదానిని మనసున నిలుపుకొని ఇంటికి తెచ్చుకొనవలెను. ఒకనికి పల్లవి జ్ఞాపకముండును, వేరొకనికి చరణము జ్ఞాపకముండును. బండిలో కూర్చుండి ఒకరికొకరు అందించుకొనుచు తెల్లవారుసరికి పాటను పూర్తిచేసెడివారని మా పెద్దలు చెప్పగా నేను వినియున్నాను. జ్ఞాపకము చాలనిచోట మరల నాటకమునకు పోవుట తప్ప వేరు దారి లేదు. గ్రామఫోను ప్లేటు ఉన్నను అది ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పాడును. కంఠము నిచ్చునుగాని ముఖము నీయలేదు.

ఇక పాట పుట్టిన సందర్భము. ముత్తరాజు సుబ్బారావుగారు రచించిన శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ నాయిక. పుణ్యక వ్రతమని నమ్మి ఆమె భర్తను నారదునికి దానమిచ్చును. మరల విడిపించుకొనుటకు ఎంత బంగారము తూచినను త్రాసు కదలదు. తుదకు రుక్మిణీదేవి భక్తితో నుంచిన తులసీదళమునకు శ్రీకృష్ణుడు తూగును. ఈ కథకు మూలము సత్యభామ గర్వము. ఆ గర్వము మొదట ఎంత ముద్దుగా కనబడునో, తుదకు అది భంగపడుట అంతగా మనసునకు నాటును. భర్త తన ఆన దాటలేడను ఆ ధీమాను చూపుటకే స్థానమువారు స్వయముగా ఈ పాటను వ్రాసికొనిరి.

ఇచటనే విశేష మున్నది. కవి వ్రాసిన పాటను నటుడు తన కంఠమునకు సరిపెట్టుకొనవలెను. నటుడే వ్రాసికొనినచో ఎచట ఊపిరి నిలుపవలెనో, ఎచట కనుబొమ్మ కదల్పవలెనో ముందుగనే తెలియును. ఒకే పల్లవిని మరల మరల పాడుచు, ఒకసారి గర్వమును, ఒకసారి వలపును, ఒకసారి పరిహాసమును కనబరచెడివారని చూచినవారు చెప్పుకొనిరి. అందుచేత పాట వచ్చినవాడును మరల చూడబోయెడివాడు. మాటలు పాతబడినను అభినయము పాతబడలేదు.

దీనిని గూర్చి ఆనాటి పండితులలో భిన్నాభిప్రాయములు లేకపోలేదు. రాగాలాపనము మితిమీరి కథ నడవకున్నదనియు, ‘వన్స్ మోర్’ అను కేకలకు లొంగి చనిపోయిన పాత్రయు లేచి పాడుచున్నదనియు వారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ అన్యాయము కాదు. హార్మోనియమునకు శ్రుతి సూక్ష్మత లేదని ఆకాశవాణి 1940లో ఆ వాద్యమును నిషేధించెను. ఆ నిషేధము సుమారు మూడు దశాబ్దములు నిలిచెను. అయినను నా అభిప్రాయమున ఈ పాట ఆ దోషమునకు పాత్రము కాదు. ఇది కథను నిలిపివేయు పాట కాదు. కథకు పునాది వేయు పాట. దీనిని తీసివేసినచో త్రాసు ఘట్టమునకు బలము తగ్గును.

మరియొక సంగతి. ఆ సత్యభామ పురుషుడు. స్థానమువారు చిత్రాంగి, మధురవాణి, దేవదేవి, చింతామణి మొదలగు స్త్రీపాత్రలకే పేరొందిరి. మహారాష్ట్రమున బాలగంధర్వులు అట్టివారే. సురభివారి సమాజములలో స్త్రీలే స్త్రీపాత్రలు ధరించినను, తక్కిన సమాజములలో ఆ అవకాశము చాలకాలము అరుదుగా నుండెను. స్త్రీ అభిమానమును, ఆమె గడుసుదనమును రంగముమీద పురుషుడు పలుకుచుండగా స్త్రీలు ప్రేక్షకులలో కూర్చుండి వినిరి. ఆ ప్రతిభను మనము మెచ్చుకొనవలసినదే. ఆ కాలపు కట్టుబాటును మరువరాదు.

తరువాత పాట తెరకెక్కెను. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చిత్రమున దీనిని పి. సుశీలగారు పాడిరి; పెండ్యాల నాగేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి; కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. సత్యభామగా నటించినవారు దుగ్గిరాలలో పెరిగిన జమునగారు. చిత్రనిర్మాత డి. రామానాయుడుగారిది కారంచేడు. చూడుడు! పాట పుట్టించినవారిది బాపట్ల, దానికి తెరమీద రూపమిచ్చినవారిది దుగ్గిరాల, ధనము వెచ్చించినవారిది కారంచేడు. ఒక సీమలో పుట్టిన అభిమానము మరల ఆ సీమవారి చేతులమీదుగనే దేశమంతటికి చేరినది. పురుషుడు స్త్రీగా నటించుచు పాడిన పాట స్త్రీ కంఠమున, స్త్రీ ముఖమున స్థిరపడినది.

స్థానమువారికి 1956లో పద్మశ్రీ బిరుదము లభించెను. వారు తమ అనుభవములను ‘నటస్థానము’ అను గ్రంథమున వ్రాసిరి. 1971లో కీర్తిశేషులైరి. చిత్రపు పాటల పట్టికలలో ఈ పాటకు రచయితగా వారి పేరు కలదు. కాని పట్టికలు చదువువారెందరు? పాట విన్నవారికి పాడినవారు తెలియుదురు, నటించినవారు తెలియుదురు, వ్రాసినవారు తెలియరు. ఇది ఎవరి తప్పు? తెర పెద్దది, రంగము చిన్నది. పెద్దది చిన్నదానిని కప్పివేయుట లోకసహజము.

అభిమానమునకు రెండు ధర్మము లున్నవి. మొదటిది ఆనందించుట, అది మన పెద్దలు తనివితీర చేసిరి. రెండవది అప్పగించుట. పాటను అప్పగించితిమి, పేరును అప్పగించుటలో వెనుకబడితిమి. స్థానమువారి అభినయము చలనచిత్రమువలె మరల చూచుటకు వీలు లేనిది. అది చూచినవారి మాటలలో మాత్రమే బ్రదికినది. ఆ చూచినవారిలో నేడు మిగిలినవారు అత్యల్పము. వారి మాటలు విన్నవారము మనము. మనతో ఆ మాటలు ఆగిపోయినచో తరువాతివారికి మిగులునది పట్టికలోని ఒక పేరు మాత్రమే.

కావున నా మనవి ఇది. మీ గ్రామమునకు ఏ సమాజము వచ్చినది, ఎవరు ఏ వేషము ధరించిరి, ఏ పాటకు జనులు లేచి నిలిచిరి – ఈ సంగతులను మీరు వినినంతవరకు ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. వ్రాయు ఓపిక లేనివారు మనుమనిచేత వ్రాయింపుడు. ఈ పాట వినబడినప్పుడు ‘ఇది బాపట్ల స్థానమువారు తమకొరకు తాము వ్రాసికొనిన పాట, నాయనా’ అని ఆ బిడ్డకు ఒక్క మాట చెప్పుడు. ఆ ఒక్క మాటయే వారి ఋణము తీర్చుట యగును.