పాలమూరు కూలీలు – రాడాన్ మోతాదు అంచనా

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమరచింత, గద్వాల, నాగర్‌కర్నూల్ వంటి ప్రాంతాల కూలీలు ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు, సొరంగాలు తవ్వారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి సాగిన ఈ వలసను కరువు, అప్పు అన్న కోణాల నుంచి పలువురు పరిశీలించారు. భూగర్భంలో వారు పీల్చిన గాలి కూడా ఈ శ్రమ చరిత్రలో భాగమే.

శిలల్లోని యురేనియం క్రమంగా క్షయమై రేడియంగా, రేడియం రాడాన్ వాయువుగా మారుతుంది. దాని అర్ధజీవితం 3.8 రోజులు. పీల్చిన వాయువు చాలావరకు ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. దాని నుంచి పుట్టే పొలోనియం వంటి ఘనపదార్థాలు మాత్రం ఊపిరితిత్తులలో నిలిచి ఆల్ఫా కిరణాలను వెలువరిస్తాయి. జర్మనీలోని ష్నీబర్గ్ గని కార్మికుల వ్యాధి ఊపిరితిత్తుల కంతి అని హార్టింగ్, హెస్సే 1879లోనే గుర్తించారు. గాలిని కొలిచే ప్రమాణం ఏర్పడడానికి మాత్రం 1950ల దాకా పట్టింది. అమెరికా యురేనియం గనుల కోసం రూపొందిన ‘వర్కింగ్ లెవెల్’ ఆ ప్రమాణం. ఒక వర్కింగ్ లెవెల్ ఉన్న గాలిలో 170 గంటలు పనిచేస్తే అది ఒక ‘వర్కింగ్ లెవెల్ మంత్’.

ఈ కొలత కార్మికుని శరీరం నుంచి తీసుకున్నది కాదు. అది గాలి కొలతను పనిగంటలతో గుణించగా వచ్చిన అంచనా. గాలిలో 0.1 వర్కింగ్ లెవెల్ ఉన్నచోట ఒక కార్మికుడు ఏడాదికి 1,700 గంటలు పనిచేశాడనుకుంటే, లెక్క సరిగ్గా ఒక యూనిట్ అవుతుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 1993లో దీన్ని 5 మిల్లీసీవర్టులుగా గణించింది. 2017లో సుమారు 10గా సవరించింది. గాలి అదే, గంటలు అవే, మోతాదు రెట్టింపు! భారతదేశంలో రేడియేషన్ కార్మికునికి ఐదేళ్లలో 100, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులు పరిమితి కనుక ఈ సవరణ చిన్నది కాదు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని కార్మికునికి ఈ లెక్క వర్తిస్తుంది. సొరంగం కూలీని సాధారణంగా రేడియేషన్ కార్మికునిగా పరిగణించరు. 2019లో అమ్రాబాద్ యురేనియం అన్వేషణపై నల్లమలలో ఉద్యమం సాగింది; ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానించింది. అడవి, చెంచులు, కృష్ణా జలాలు చర్చలో ముందు నిలవడం సమంజసమే. అయితే యురేనియం గని లేకపోయినా నాగర్‌కర్నూల్ జిల్లాలో భూగర్భ పనిస్థలాలు ఇప్పటికే ఉన్నాయి: ఈగలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రం, ఎల్లూరు పంప్‌హౌస్, దోమలపెంట వద్ద ఎస్.ఎల్.బి.సి. సొరంగం. ఇక్కడ రాడాన్ అధికమని దీని అర్థం కాదు. రాతి స్వభావం, గాలి మార్పిడి దాన్ని నిర్ణయిస్తాయి. సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగానికి, పైన పులుల అభయారణ్యం ఉన్నందున, మధ్యలో ప్రవేశమార్గాలు లేవు. 2025 ఫిబ్రవరి 22న అది కూలినప్పుడు చిక్కుకున్న 8 మందిలో నలుగురు జార్ఖండ్ కూలీలు. పాలమూరు కూలీ పరాయి సొరంగాలకు వెళ్లాడు, పాలమూరు సొరంగానికి పరాయి కూలీ వచ్చాడు. ఇద్దరి పనిచరిత్రా ఒకే కాగితంపై ఎక్కడా కూడదు.

అమెరికాలో 1990 నాటి పరిహార చట్టం పొగతాగని గని కార్మికుని నుంచి 200 యూనిట్ల రుజువు కోరింది. 2000లో దాన్ని 40కి తగ్గించి, అది చూపలేకపోతే ఒక ఏడాది గనిలో పనిచేసినట్టు రుజువైనా చాలునని సవరించింది. అంటే చట్టమే మోతాదుకు బదులు పనిచరిత్రను అంగీకరించింది. పాలమూరు కూలీకి అటువంటి ఆధారం మేస్త్రీ లెక్కల పుస్తకమో, కాంట్రాక్టరు మస్టరో కావాలి. వాటిలో పేరు, అడ్వాన్సు, పనిదినాలు దొరకవచ్చు. సొరంగంలో ఎంత లోపల, ఎన్ని గంటలు పనిచేశాడో రాయవలసిన అవసరం మేస్త్రీకి ఎన్నడూ కలగలేదు.