గడప దాటిన లేసు

మా అమ్మాయి పై చదువుకి అమెరికా వెడుతోంది. పది రోజులుగా మా హాలు రైల్వే ప్లాట్‌ఫారంలా తయారైంది. రెండు పెట్టెలు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక్కో పెట్టె 23 కిలోలకు మించకూడదట. మావారు ఎక్కడినించో కొక్కెం త్రాసు ఒకటి కొనుక్కొచ్చి పూటకోసారి పెట్టెలెత్తి తూస్తున్నారు. ఆయన నడుము పట్టేసింది కానీ పెట్టె బరువు మాత్రం తగ్గలేదు. పొద్దున్న తీసేసినవన్నీ సాయంత్రానికి నేనే మళ్లీ సర్దేస్తున్నానని ఆయన అభియోగం. కాదనను.

ఆ సర్దుళ్లలో బీరువా అడుగునించి మా అమ్మమ్మ అల్లిన టేబులు క్లాతు బయటికొచ్చింది. తెల్లటి దారంతో చేసిన క్రోషా లేసు. మధ్యలో పెద్ద చక్రం, దాని చుట్టూ చిన్న చక్రాలు, అంచంతా సన్నజాజి మొగ్గల్లాంటి కొసలు. దాన్ని మడత పెట్టి పెట్టెలో పెట్టబోయాను. మా అమ్మాయి గభాలున లాక్కుని త్రాసుకి తగిలించింది.

“కిలోకి పైనే ఉందమ్మా. అక్కడ నలుగురం కలిసి ఉండే ఇంట్లో నాకు బల్లే ఉండదు. దీన్ని ఎక్కడ పరుచుకోను?”

నిజమే, ఎక్కడ పరుచుకుంటుంది? అయినా నా మొహం చిన్నబోయింది. అది చూసి పిల్ల నొచ్చుకుంది. “మన దగ్గరే భద్రంగా ఉంటుందిలే” అని బుజ్జగించి వెళ్లిపోయింది.

అదే సాయంత్రం దానికో పార్సిలు వచ్చింది. విప్పి చూస్తే క్రోషా టాపు! ఆరొందల చిల్లర పెట్టి ఫోన్లో తెప్పించుకుందట. అక్కడి పిల్లలందరూ ఇప్పుడు ఇవే వేసుకుంటున్నారట. నేను దాన్ని తిరగేసి చూశాను. లోపలివైపు దారం కొసలు చేత్తో ముడేసి, అల్లికలోకి దోపి ఉన్నాయి. అచ్చం మా అమ్మమ్మ దోపినట్టే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన ఉంటుంది నరసాపురం. ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ అక్కడ గిడ్డంగులు పెట్టుకుని వ్యాపారం చేశారు. ఊరి పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర గుడ్డ కొని ఓడలకెక్కించేవారు. ఆ ఊరి పేరు వాళ్ల నోట ‘మడపోలం’ అయింది. ఊరి పేరే గుడ్డ పేరూ అయింది. ఈ రోజుకీ ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఆ మాట ఉంది. తర్వాత తర్వాత అలాంటి గుడ్డని ఇంగ్లండు మిల్లులే నేసి, ఆ పేరే పెట్టి అమ్ముకున్నాయి. మన నేతగాడి మగ్గం మూలపడింది, ఊరి పేరు మాత్రం దేశాలు తిరిగింది. పేరైనా మిగిలిందని సంతోషించాలేమో! మా అమ్మమ్మలాంటి వాళ్ల పనికి ఆ భాగ్యం కూడా లేదు.

లేసు కథ మిషనరీలతో మొదలవుతుంది. 1836లో ఇంగ్లండునించి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మతప్రచారకులు భార్యలతో సహా మన దేశానికి వచ్చి, తర్వాత గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. అప్పటికింకా కాటన్ దొర ఆనకట్ట లేదు. అది 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు పచ్చగా కళకళలాడే ఆ నేల అప్పట్లో ఒక ఏడు వరదకి మునిగితే, మరో ఏడు ఎండకి మాడేది. 1833 కరువు జ్ఞాపకం ఇంకా జనానికి మానని పుండే. ఆ రోజుల్లోనే, 1844 ప్రాంతంలో, మక్రే అనే స్కాట్లండు దంపతులు నరసాపురం వైపు ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పారని చెప్తారు. నేర్చుకున్నవాళ్లు మతం పుచ్చుకున్న పేద కుటుంబాల స్త్రీలు, చాలామంది మాలపల్లెల వాళ్లూ మాదిగపల్లెల వాళ్లూ. అల్లింది మిషనరీల ద్వారా సీమకి వెళ్లేది.

చిత్రమేమిటంటే, సరిగ్గా అదే దశాబ్దంలో ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టి, 1845నించి నాలుగైదేళ్లపాటు భయంకరమైన కరువు వచ్చింది. అక్కడ క్రైస్తవ సన్యాసినులు ఆడపిల్లల చేతికిచ్చింది కూడా ఈ క్రోషా సూదే. ఆ లేసు డబ్బు కూడబెట్టి పిల్లల్ని ఓడెక్కించి అమెరికా పంపిన తల్లులున్నారు. ఇక్కడా అక్కడా అదే కొక్కెం సూది, అదే ఆకలి. వాళ్లు లేసుతో పాటు పిల్లల్ని కూడా పంపారు. మనవాళ్లు లేసొక్కటే పంపారు. పిల్లల వంతు తర్వాత వచ్చింది.

పల్లెల్లోంచి ఈ పని మెల్లిగా ఘోషా పాటించే రైతుల ఇళ్లలోకి పాకింది. అడుగు బయట పెట్టక్కర్లేదు, ఎవరి కంటా పడక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఇంతకన్నా గౌరవమైన పని ఇంకేముంది? మా అమ్మమ్మకి అల్లిక నేర్పింది పల్లెనుంచి వచ్చిన ఒకామె. ఆమె అరుగు కింద నిలబడి అల్లి చూపిస్తే, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చూసి నేర్చుకుందట. చెయ్యి పట్టి చూపించడానికి వీల్లేదు కదా! “దూరాన్నించే నేర్పేసింది, మహా తెలివైన మనిషి” అని అమ్మమ్మ మురిసిపోతూ చెప్పేది. గురువుగారి పేరేమిటని అడిగాను. గుర్తులేదంది.

అమ్మమ్మ ఎప్పుడూ ఈ పనిని పని అనలేదు. “ఊరికే కూచోలేక” అనేది. వంటయి, పాలేర్లకి అన్నాలు పెట్టి, పశువుల కుడితి సంగతి చూసుకుని, మధ్యాహ్నం దొడ్డివైపు వసారాలో కూచునేది. మళ్లీ రాత్రి లాంతరు ముందు. వేళ్లు వాటంతటవే ఆడుతుండేవి, నోరు మాకు కథలు చెప్తుండేది. నెలకో రెండుసార్లు ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి తీసుకునేవాడు. ఒకసారి ఒక ముక్క మీద పసుపు చెయ్యి అంటుకుందని డబ్బు కోసేశాడట. టేబులు క్లాతంతా ఒక్కరే చెయ్యరు. చక్రాలు ఒకరు అల్లుతారు, వాటిని అతకడం ఇంకొకరి వంతు, దానికి అతుకుపని అనే పేరుంది. అంచేత అమ్మమ్మ జన్మలో వేల చక్రాలు అల్లింది గానీ, పూర్తయిన సరుకు ఎలా ఉంటుందో చూడలేదు. నా దగ్గరున్న ఈ ఒక్కటే మొదటినించీ చివరిదాకా తన కోసం తను అల్లుకున్నది.

ఆ చిల్లర ఏమైంది? మా అమ్మ హైస్కూలు జీతాలు అందులోంచే కట్టారు. తాతగారికి ఆ సంగతి చివరిదాకా తెలీదు. తెలిసినా తెలీనట్టు ఉన్నారేమో!

ఆ తరం దాటేసరికి కథ మారింది. మా అమ్మ నాటికి కుట్లూ అల్లికలూ పెళ్లి అర్హతలైపోయాయి. రేడియో మీద గుడ్డ, దిండు మీద నెమలి, గుమ్మానికి పూసల తోరణం, చేతికి ప్లాస్టిక్ వైరు బుట్ట. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు ఫలహారాలతో పాటు వీటినీ వరసగా పెట్టేవారు. మా స్కూల్లో నాకూ వారానికో పీరియడు కుట్లు ఉండేది. నేనల్లిన ఒకే ఒక రుమాలు చూసి టీచరుగారు నన్ను నవలలు రాసుకోమన్నారు. వెటకారానికే అన్నా, విన్నాను.

నేను డిగ్రీలో చదివింది చరిత్ర. యుద్ధాలూ, సంధులూ, రాజుల పేర్లూ బట్టీ పట్టాను. మా అమ్మమ్మ వసారా కూడా చరిత్రేనని నాకు చెప్పింది ఒక జర్మను ఆవిడ. మరియా మీస్ అని సామాజిక శాస్త్రవేత్త. 1960లలో పూణేలో జర్మన్ భాష నేర్పడానికి వచ్చి మన దేశాన్ని తెలుసుకున్నారు. 1970ల చివర్లో నరసాపురం పల్లెలు తిరిగి, లేసు అల్లేవాళ్లతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. నవల కోసం గోదావరి జిల్లాల గురించి వెతుకుతుంటే అది నా కంటబడింది. ఒక్క రాత్రిలో చదివేశాను. ఆవిడ లెక్క ప్రకారం ఆ ప్రాంతంలో లక్షమందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారు. ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లేవారు. అంతా చేస్తే రోజుకి రూపాయైనా గిట్టేది కాదు. పొలం కూలికి వెళ్లే ఆడమనిషికి అంతకన్నా ఎక్కువ వచ్చేది. ఎందుకిలా అంటే, ఇది కూలి కాదు, గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అని అందరూ అనుకోవడం వల్ల. అందరూ అంటే ఎగుమతి చేసేవాళ్లూ, ఇంట్లో మగవాళ్లూ, ఆఖరికి అల్లేవాళ్లూ. ‘ఊరికే కూచోలేక’ అనే అమ్మమ్మ మాట ఆ పుస్తకంలో లేదు గానీ, నాకు ప్రతి పేజీలోనూ వినబడింది. మీస్ గారు 2023లో కన్నుమూశారు. మరుసటేడు, 2024లో, నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక నా నిద్ర చెడగొట్టిన టాపు సంగతి. మేజోళ్లు అల్లే యంత్రాన్ని విలియం లీ అనే ఇంగ్లీషాయన 1589లోనే కనిపెట్టాడు. సీమ లేసులో ఒక రకాన్ని తీసే యంత్రం 1809లో హీత్‌కోట్ అనే ఆయన తెచ్చాడు. కానీ అసలు సిసలు క్రోషా అల్లికని నేసే యంత్రం ఈ నాటికీ బజారులో లేదు. దగ్గరగా కనిపించేలా చేస్తారు, అంతే. ఒక్కో కుట్టుని కొక్కెంతో లాగి, తిప్పి, మళ్లీ లాగి అల్లాలంటే మనిషి చెయ్యి ఉండాల్సిందే. అంటే మా అమ్మాయి ఆరొందల టాపుని ఎక్కడో ఎవరో ఆడమనిషి కూచుని అల్లింది. కొట్టువాడూ, మధ్యవాడూ, దారం ఖరీదూ పోగా ఆమె చేతికి ఎంత వచ్చి ఉంటుంది?

మర్నాడు కాఫీ దగ్గర మా అమ్మాయితో అన్నాను. అది అంతా విని, “మరి నేను కొనకపోతే ఆవిడకి ఆ కాస్తా రాదు కదమ్మా?” అంది. నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకున్నాను కూడా. మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

నిజం చెప్పొద్దూ, నా బాధ టాపు గురించి మాత్రమే కాదు. నరసాపురానికి ఎంతో దూరం లేని భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకొస్తున్నారు ఈ మధ్య. మెడిసిన్ చదివేటప్పుడు చేనేత ఖద్దరు కోటు వేసుకుని తెల్ల ప్రొఫెసరుకి కోపం తెప్పించి, అసలు డిగ్రీ పోగొట్టుకున్న మనిషి. 1923లో బోస్టన్ చేరారు. పూట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చాకిరీ చేస్తూ చదువుకున్నారు. బోదకాలుకి మన ఊళ్లలో నేటికీ పంచే మాత్ర ఆయన బృందం కనిపెట్టిన మందే. ఆయన వెళ్లేనాటికి భార్య శేషగిరిగారు నిండు మనిషి. పిల్లాడు పుట్టి నెలల్లోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. సుబ్బారావుగారు మళ్లీ రాలేదు. 1948లో అక్కడే పోయారు. ప్రపంచం ఆయన గురించి పుస్తకాలు రాసుకుంది. ఇక్కడ ఎదురుచూసిన ఆవిడ పాతికేళ్లూ ఏం చేస్తూ గడిపారో అని నాకు ఆలోచన. ఇప్పుడు ఫోన్లున్నాయి, మొహం చూసుకుని మాట్లాడుకోవచ్చు, నాకు తెలుసు. తెలిసినా రాత్రిళ్లు ఈ ఆలోచనలు ఆగవు. ఇవన్నీ పిల్లతో అనలేదు.

నిన్న మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా మా అమ్మాయి ఆ టేబులు క్లాతు ఒళ్లో వేసుకుని కూచుంది. ఒక మూల వేలు పెట్టి చూపించింది. ఆ మూల మొగ్గలు రెండు సగంలో ఆగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లూ నేనెప్పుడూ గమనించలేదు.

“తాతమ్మ పూర్తి చెయ్యలేదా?”

“కళ్లు కనిపించడం మానేసి ఉంటాయి” అన్నాను.

ఫోన్లో ఏదో వీడియో పెట్టుకుని, నా పాత సూదితో గంటసేపు కుస్తీ పట్టింది. ఒక మొగ్గ వంకరగా వచ్చింది. విప్పేసింది. మళ్లీ అల్లింది. మళ్లీ వంకరే. ఈసారి విప్పలేదు. రెండోది అక్కడికెళ్లాక అల్లుతుందట.

“నాన్నా, సూది చేతిసంచీలో పెట్టుకుంటే విమానంలో ఊరుకుంటారా?” అని అరిచింది.

“ఎందుకొచ్చిన గొడవ, పెట్టెలో పెట్టెయ్” అన్నారు మావారు, త్రాసు పట్టుకుని వస్తూ. పెట్టె ఎత్తారు. 24 కిలోలు చూపించింది. ముగ్గురం కాసేపు ఆ పెట్టె వైపే చూశాం. మా అమ్మాయి లేచి, పచ్చడి సీసా ఒకటి తీసి గట్టు మీద పెట్టింది. గబగబా వెళ్లి చూశాను.

గోంగూర. ఆవకాయ జోలికి పోలేదు.