ఓడెక్కిన కాలేజీ

కంచికచర్ల మీదుగా పోయే హైవే బెజవాడ దాటి బందరు వెళ్లి ఆగుతుంది. ఇక్కణ్ణుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు. అయినా మా మెట్ట ఊళ్లకు సముద్రమంటే కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో మునిగి వచ్చే చోటే. పై చదువంటే శంషాబాదులో విమానం ఎక్కడం. ఓడలోనే కాలేజీ నడుస్తుందనీ, చదువుకుంటూ దేశాలు చుట్టి రావచ్చనీ చెబితే ఇక్కడి బీటెక్ కుర్రాళ్లు ఒక పట్టాన నమ్మరు. ఆ ముచ్చట మొదలై నూరేళ్లవుతోంది.

1926 సెప్టెంబరు 18న అమెరికాలోని హోబోకెన్ రేవు నుంచి రైన్‌డమ్ అనే ఓడ సుమారు 500 మంది విద్యార్థులతో బయల్దేరింది. ఆలోచన జేమ్స్ లాఫ్‌ది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు. ప్రపంచం గురించి గదిలో కూర్చుని చెప్పించుకోవడం కంటే వెళ్లి చూడటం మేలని ఆయన నమ్మకం. ఓడ బయల్దేరకముందే విశ్వవిద్యాలయం చేయి వదిలేసినా ఆయన ఆగలేదు. ఓడ మరుసటి మే నెలలో తిరిగొచ్చేసరికి చదువు సంగతి పక్కకుపోయి, రేవు పట్టణాల్లో కుర్రాళ్లు తాగి చేసిన అల్లరే పత్రికలకెక్కింది. లాఫ్ ఉద్యోగం పోయింది. ఐదొందల మంది కాలేజీ పిల్లల్ని ఊరూరా దింపి, అందరూ మ్యూజియాలకే వెళతారనుకోవడం కూడా ఆచార్యులకే చెల్లింది.

1963లో విలియం హ్యూస్ అనే కాలిఫోర్నియా వ్యాపారి మళ్లీ ప్రయత్నించాడు. కొన్నాళ్లకు చాప్‌మన్ కాలేజీ దాన్ని చేతికి తీసుకుంది. ఆపైన హాంకాంగ్ నౌకాధిపతి సి.వై. టుంగ్ క్వీన్ ఎలిజబెత్ అంతటి ఓడను కొని విశ్వవిద్యాలయంగా మార్పిస్తుంటే, 1972 జనవరి 9న హాంకాంగ్ రేవులోనే అది తగలబడింది. ఆయన ఇంకో ఓడతో పని కానిచ్చాడు. అదే ఇప్పటి ‘సెమెస్టర్ ఎట్ సీ’. కొలరాడో, పిట్స్‌బర్గ్, వర్జీనియా విశ్వవిద్యాలయాల చేతులు మారి, 2016 నుంచి కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది.

ఈ ఓడలో పాఠాలకు సోమవారం, మంగళవారం లెక్క లేదు. నీళ్ల మీద ఒక రోజు ‘ఎ’, మర్నాడు ‘బి’. ఎ రోజున కొన్ని క్లాసులు, బి రోజున మిగతావి. రేవులో ఆగితే క్లాసు బంద్, ఊరే పాఠం. పసిఫిక్‌లో దినరేఖ దాటేటప్పుడు ఒక తేదీ క్యాలెండర్లోంచి ఎగిరిపోవచ్చు, లేదా రెండుసార్లు రావచ్చు. ఈ ఓడ కాలేజీ చాలా ఏళ్లు మన పక్కనున్న చెన్నై రేవుకు వచ్చి వెళ్లింది. ఒక్క సెమిస్టరు ఫీజే మన బీటెక్ నాలుగేళ్ల ఖర్చును మించుతుంది.

రైన్‌డమ్ ఇంటికి చేరిన 1927లోనే బొంబాయిలో మన ఓడ బడి తెరిచారు. 1904లో కట్టిన డఫ్రిన్ అనే పాత సైనికుల ఓడను మజగాఁవ్ దగ్గర లంగరు వేసి, అందులో కుర్రాళ్లకు నౌకావిద్య నేర్పారు. ఇది ఎక్కడికీ కదల్లేదు, దేశాలూ చూపించలేదు. దీని వెనకున్న కోరిక వేరు. అప్పటిదాకా బాయిలరులోకి బొగ్గు ఎగదోసేదీ డెక్కు కడిగేదీ మనవాళ్లు, దారి చూసి ఓడ నడిపేది తెల్ల ఆఫీసర్లు. ఆ కుర్చీ మనకూ కావాలని శాసనసభలో అడిగీ అడిగీ సాధించుకున్నది డఫ్రిన్. నా మటుకు లాఫ్ ప్రపంచయాత్ర కంటే ఈ కదలని ఓడే పెద్ద ప్రయాణం చేసింది. 1972లో దాని స్థానంలో రాజేంద్ర అనే ఓడ వచ్చింది. 1993లో బడి నవీ ముంబయి ఒడ్డుకెక్కి చాణక్య అయింది.

ఇప్పుడు ఓడ మీద చదువంటే మనవాళ్లకు మర్చంట్ నేవీయే. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాయాలి. ఆ యూనివర్సిటీకి విశాఖలోనూ క్యాంపస్ ఉంది. డిప్లొమా దారిలో వెళ్తే ఏడాది తరగతిలో, తర్వాత 18 నెలలు క్యాడెట్‌గా ఓడలో. డ్యూటీ దిగాక రోజూ చేసిన పని రికార్డు బుక్కులో రాసి ఆఫీసరుతో సంతకం పెట్టించుకోవాలి. రంగులు పోల్చుకోలేని కంటికి డెక్కు మీద చోటు లేదు, రాత్రి ఎదుటి ఓడ ఎరుపు, ఆకుపచ్చ దీపాలు చూసే అదెటు పోతోందో పోల్చుకోవాలి గనక. మెకానికల్ బీటెక్ చేసినవాళ్లకు మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ఉంది. డబ్బు కట్టేముందు ఆ సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. లక్షలు పుచ్చుకుని, ‘ఓడ రెడీగా ఉంది’ అని చెప్పి ఫోన్ ఎత్తని ఏజెంట్లకు కొదవ లేదు.