పట్టుకోకుండా పట్టుకోవడం

ఆగిరిపల్లి, నూజివీడు తోటల్లో మామిడికాయలు కోయడానికి చిక్కం వాడతారు. వెదురు గడ చివర వల సంచి. కాయ అందులో పడ్డాక ఇక ఎటూ పోలేదు. రోబోల ఫుట్‌బాల్‌లో బంతిని అలా బంధిస్తే ఫౌల్!

రోబోకప్ మొదటి పోటీలు 1997లో జపాన్‌లోని నగోయాలో జరిగాయి. చిన్న రోబోల విభాగంలో గెలిచింది అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ జట్టు. దాన్ని నడిపింది మాన్యువెలా వెలోసో. అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి 1979లో తొలి డైరెక్టరు, ఆ గెలుపు నాటికి కంప్యూటర్ సైన్స్ స్కూలు డీన్, మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

ఈ విభాగంలో బంతి అంటే నారింజ రంగు గోల్ఫ్ బంతి. రోబో వెడల్పు 18 సెంటీమీటర్లు దాటకూడదు. తొలిరోజుల్లో బంతిని ముందు భాగంతో నెట్టుకుంటూ పోవడమే. రోబో మలుపు తిరిగిందంటే బంతి జారిపోయేది. మరి రెండు చేతులు పెట్టి వాటేసుకుంటే? నియమాలు ఒప్పుకోవు. పైనుంచి చూస్తే బంతిలో కనీసం 80 శాతం రోబో బయటే కనపడాలి. అవతలి రోబో వచ్చి లాక్కోగలిగేలా ఉండాలి.

ఈ ఇరుకులోంచి పుట్టిందే డ్రిబ్లర్. రోబో ముందు అడ్డంగా ఒక రబ్బరు రోలరు గిరగిరా తిరుగుతుంది. అది తాకగానే బంతి వెనక్కి, అంటే రోబో వైపుకి దొర్లబోతుంది. కింద తివాచీ రాపిడి కూడా అటే నెడుతుంది. రోబో వెనక్కి నడిచినా బంతి వెంటే వస్తుంది. ఎవరూ పట్టుకోలేదు, అయినా వదలదు.

దీనికీ హద్దులొచ్చాయి. పక్కల నిలువు రోలర్లు పెట్టి బంతిని బిగించడం నిషేధం. డ్రిబుల్ చేస్తూ పోయే దూరానికి ఒకప్పుడు అర మీటరు, తర్వాత మీటరు పరిమితి. బంతి ఒకరి సొత్తయిపోతే ఆట ఆగిపోతుంది, ఈ నియమాలన్నిటి భయం అదే. ఒక దారి మూసిన ప్రతిసారీ ఇంజినీర్లు ఇంకా సున్నితమైన దారి వెతకాల్సి వచ్చింది.

పల్లెటూరి పిల్లల్ని పదో తరగతి కాగానే చేర్చుకునే ట్రిపుల్ ఐటీ 2008లో నూజివీడులో మొదలైంది. ఆ యూనివర్సిటీ తొలి ఛాన్సలర్ కూడా రాజ్ రెడ్డే. ఈ చిక్కుముడిని చేత్తో తడిమి చూడటానికి అక్కడి పిల్లలకి నగోయా దాకా పోనక్కర్లేదు. ఒక చిన్న మోటారు, కాస్త రబ్బరు గొట్టం, ఒక గోల్ఫ్ బంతి చాలు. ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది కాదు, ఎంతవరకు వదిలి ఉంచాలన్నదే అసలు లెక్క.